నాలుగంగుళాల గీత

కొలతల పిన్ని లెక్కలో ఈ లోకంలో ఉన్నది రెండే రకాల మనుషులు: కొలిచి కత్తిరించేవాళ్ళు, కత్తిరించాక కొలుచుకుని ఏడ్చేవాళ్ళు. ముప్పై రెండేళ్ళుగా ఆమె రెండో రకాన్ని చెవి పట్టుకుని మొదటి రకంలోకి లాక్కొస్తోంది. ఇంటి ముందు గదిలో ఆరు కుట్టు మెషిన్లు, ఒక పొడవాటి బల్ల, బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక చొక్కా తాలూకు సగం. ఆమె మెడలో పసుపుపచ్చ టేపు. నిద్రలో కూడా దాన్ని తీయదని క్లాసులో ఆడపిల్లలు చెప్పుకుంటారు. ఆమె భర్త మాత్రం ఔననడు, కాదనడు, నవ్వి ఊరుకుంటాడు.

కొలవడం ఆమెకు వృత్తి కాదు, వ్యసనం. కొత్త బీరువా గుమ్మం దగ్గరకొచ్చి ఆగితే, మోసుకొచ్చిన వాళ్ళు చెమటలు తుడుచుకునేలోగా "అరంగుళం తక్కువ, తలుపు ఊడదీయండి" అని తేల్చేస్తుంది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలిచేది కరెంటు బిల్లొక్కటే.

మూడేళ్ళు సాయంత్రాలన్నీ ధారపోసి ఆమె ఒక పుస్తకం రాసింది. చొక్కా కుట్టడం గురించి. అందులో కాలరు, కఫ్, జేబు లాంటి చిన్న ముక్కల బొమ్మలన్నీ అసలు సైజులో ఉంటాయి. పేజీ మీద పల్చటి కాగితం పరిచి గీసుకోవడమే, లెక్కలతో పని లేదు. సగం కాలరు బొమ్మ పట్టాలంటే పేజీ తొమ్మిదంగుళాల వెడల్పు ఉండాలి. అచ్చు వేసిన ఆమె మరిది దానికి గోలపెట్టాడు.

"వదినా, ఇంత వెడల్పు పుస్తకం ఎవరి అలమారలోనూ పట్టదు."

"అలమార కోసం కాదయ్యా, మెడ కోసం రాశాను. మెడకి పడితే చాలు."

పుస్తకం మెడలకి పట్టింది, అమ్ముడుపోయింది కూడా. ఆ తర్వాత ఏడాదిన్నర గడిచినా మరిది రెండోసారి అచ్చు వేయలేదు. అడిగినప్పుడల్లా కాగితం రాలేదనో, మెషిన్ రిపేరుకెళ్ళిందనో కాకమ్మ కథలు చెబుతూ వచ్చాడు.

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున పదిన్నరకి, రెండు వీధుల అవతలున్న కుట్టు కేంద్రం లీడరమ్మ గుడ్డసంచీతో గుమ్మంలో నిలబడింది. ఆమె గొంతుకి మైకు అక్కర్లేదు. అలాంటిది, ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"పిన్నీ, ఏమీ అనుకోనంటే ఒక మాట."

"అనుకుంటాను. అయినా చెప్పు."

"మీ పుస్తకం తప్పు."

ఆరు మెషిన్లూ ఆగిపోయాయి.

లీడరమ్మ సంచీలోంచి తెల్ల చొక్కా తీసి బల్ల మీద పరిచింది. పెద్ద తరగతుల పిల్లలకి బడి చొక్కా, మచ్చుకి కుట్టింది. పిన్ని కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూసింది. భుజాలు బాగున్నాయి. పొట్టి చేతులు బాగున్నాయి. కాలరు కింద మాత్రం, మెడ చుట్టూరా, చీమలబారులా సన్నటి ముడతలు.

"ఈ కుచ్చులేమిటే? చొక్కాకి కుట్టావా, దిండు గలీబుకి కుట్టావా?"

"బాడీ మా కొలతలతో కోశాం, కాలరు మీ బొమ్మతో. కాలరు చిన్నదొచ్చింది, మెడేమో పెద్దదిగా ఉంది. అందుకని మెడనే కాస్త లాగి, కుచ్చులు పెట్టి, సర్దాం. మా అమ్మాయికి తొడిగి పై బొత్తం పెడితే కళ్ళు తేలేసింది."

"కుడుతున్నప్పుడు కళ్ళకి కనబడలేదా, కాలరు చిన్నదని?"

"కనబడింది పిన్నీ. మా తొమ్మిది మందికీ కనబడింది. కానీ బొమ్మ మీద మీ పేరుంది కదా. పిన్ని గీత తప్పవుతుందా, మన మెడే తప్పయ్యుంటుంది అనుకున్నాం."

తిట్టిపోద్దామని నోరు తెరిచిన పిన్ని ఆ మాటతో మళ్ళీ చొక్కా మీదికి వంగింది. ఇంత నమ్మకం ఒక మనిషి మీద పెట్టకూడదు. పెట్టినవాళ్ళకి ఊపిరాడదు.

టేపు తీసి కాలరు కొలిచింది. పధ్నాలుగంగుళాలు ఉండాల్సిన చోట పదమూడుకి ఒక నూలు తక్కువ వచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతుని ఆమె నూలు అంటుంది. ఆ నూలు దగ్గరే ఆమె ఎవరినీ క్షమించదు. ఇక్కడ పోయింది నూలు కాదు, అంగుళం పైచిలుకు. లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి సగం కాలరు బొమ్మ కొలిచింది. ఏడంగుళాలు. రెట్టిస్తే పధ్నాలుగు. కచ్చితంగా.

"నా పుస్తకం సరిగ్గానే ఉందే! నీ పుస్తకం ఏదీ? ఎక్కడ కొన్నావు?"

"కొనడమంటే…" లీడరమ్మ కొంగు సర్దుకుంది. "ఫోన్‌లో వచ్చింది పిన్నీ. అందరికీ వచ్చింది. వీధి చివర జిరాక్సు కొట్టులో కాగితాల మీద తీయించుకున్నాం."

ఫోన్ చూపించింది. పదకొండు బొమ్మలు. అంచులు నీటుగా కత్తిరించి, వంకర లేకుండా నిలబెట్టి, ఎవరో ప్రాణం పెట్టి తయారుచేశారు. మొదటి బొమ్మ మీద పిన్ని పేరుంది. ఆమె రాసిన మాటలు మాత్రం ఒక్క ముక్క లేదు. "కాలరు గీసే ముందు మెడ కొలవండి" అని ఆరుసార్లు ఆరు రకాలుగా చెప్పిన పేజీలన్నీ మాయం.

పిన్నికి ముక్కు మీదకి కోపం వచ్చింది. ఎవడు వీడు? ఏ ఊరి దొంగ? వేలితో ఒక్కో బొమ్మా తోసుకుంటూ పోయి కాలరు బొమ్మ దగ్గర ఆగింది. బొమ్మ మూలన గోధుమరంగులో ఒక గుండ్రటి మరక. టీ కప్పు అడుగు. ఆ ఆనవాలు పట్టుకుని ఫోన్ పక్కన తన పుస్తకం తెరిచింది. అదే పేజీ. అదే మూల. అదే మరక.

"ఏమండీ!"

ఆ పిలుపు విని వెనక గదిలోంచి ఆయన వచ్చాడు. పోస్టాఫీసు కౌంటరులో ముప్పై ఆరేళ్ళు ముద్రలు వేసి రిటైరైన మనిషి. అప్పట్నుంచీ ఫోన్‌తో కాగితాలు ఫోటోలు తీసి, అంచులు చక్కబెట్టి, ఒక్కటిగా కుట్టడం ఆయన కాలక్షేపం. ఇంట్లో రేషన్ కార్డు దగ్గర్నుంచి మందుల చీటీ దాకా అన్నిటికీ నకళ్ళున్నాయి. బల్ల మీద పుస్తకం, ఫోన్, చొక్కా వరసగా ఉండడం చూసి ఆయనకి విషయం అర్థమైపోయింది.

"ఒక్కళ్ళకే ఇచ్చానోయ్," అన్నాడు.

"ఎవరా ఒక్కళ్ళు?"

"చంటిపిల్లని ఎత్తుకుని వచ్చేది చూడు, క్లాసు మధ్యలో మానేసిన అమ్మాయి. పుస్తకం ఎక్కడా దొరకట్లేదు మావయ్యా, బొమ్మలైనా పంపండి అంది. పంపాను. ఇంకెవరికీ ఇవ్వకమ్మా అని కూడా చెప్పాను."

"ఆ అమ్మాయి మా ఆడపడుచు," అంది లీడరమ్మ. "ఇంకెవరికీ ఇవ్వకు అని చెప్పే నాకిచ్చింది. నేనూ అలాగే చెప్పి ఇచ్చాను."

క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. పిన్ని నవ్వలేదు.

"మరి నేను రాసిందంతా ఏమైంది?"

"అంటే… ఆ అమ్మాయి బొమ్మలే అడిగింది. నీ ఉపన్యాసం తీసేసి…"

"ఉపన్యాసమా!"

"వివరణ, వివరణ. అయినా జ్ఞానం ఎవరి సొత్తూ కాదు కదా? నలుగురికీ అందడమే కదా కావలసింది?"

"అందింది. ఇదిగో చూడండి, గొంతుకి అందింది. జ్ఞానం ఎవరి సొత్తూ కాదు సరే, తప్పు మాత్రం నా సొత్తెలా అయింది? పంచిన పుణ్యం మీకు, ఊపిరాడని కాలరు నాకా? పంచేవాళ్ళు నా పేరు కూడా తీసేసి పంచాల్సింది. అప్పుడు ఎవరి మెడ వాళ్ళు చూసుకునేవాళ్ళు."

తొమ్మిదంగుళాల పేజీని మామూలు జిరాక్సు కాగితంలో పట్టించినప్పుడు బొమ్మ చిక్కిపోతుందని, ముప్పై ఆరేళ్ళు కవర్ల కొలతలు చూసిన మనిషికి తట్టకపోవడం ఆయనకే ఆశ్చర్యంగా ఉంది. అంచులు నీటుగా వచ్చాయా లేదా అని చూసుకున్నాడు కాని, కొలిచాడా?

"అడిగుంటే ఇచ్చేదాన్ని కదండీ," అంది పిన్ని, గొంతు కాస్త దించి.

"మీ ఇద్దరి గొడవ సాయంత్రం చూసుకుందురు గానీ," అని లీడరమ్మ మధ్యలో దూరింది. "మాకు ఇలాంటివి నాలుగొందల చొక్కాలున్నాయి పిన్నీ. నిన్న బాడీలన్నీ కోసేశాం. ఇవాళ కాలర్లు."

"ఇవాళ ఎప్పుడు?"

"నేనిక్కడికి బయల్దేరేటప్పుడు మేట వేస్తున్నారు."

"ఆపమని చెప్పి రాలేదా?"

లీడరమ్మ నాలుక కరుచుకుంది. "పుస్తకం తప్పు అన్నానే గానీ, మీరు ఎలాగూ మెడదే తప్పంటారనుకున్నాను."

ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అక్కడ మెషిన్ల మోతలో పిడుగు పడ్డా వినబడదు. పిన్ని పుస్తకం చంకన పెట్టుకుని వీధిలో పడింది. వెనక లీడరమ్మ, ఆ వెనక ఆయన, తన చెప్పు ఏదో పరాయి చెప్పు ఏదో చూసుకోకుండా. మేట అంటే నలభై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచిన దొంతర. కరెంటు కత్తి ఒకసారి దాన్లోకి దిగిందంటే ఒక్క తప్పు నలభై తప్పులవుతుంది. కొన్న గుడ్డలో మిగులు అరమీటరు కూడా లేదు. దారిలో లీడరమ్మ ఆయాసపడుతూ ఇదంతా చెబుతుంటే పిన్ని చెవులు మూసుకుంది.

కుట్టు కేంద్రం ఒకప్పటి గోడౌను. ఎత్తైన కిటికీలు, సిమెంటు నేల, మధ్యలో కటింగ్ బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ మేట, పైపొర మీద నీలం సుద్దతో కాలర్ల గీతలు, పక్కపక్కన, చేపల బారులా. కత్తి పట్టుకున్న మనిషి ముక్కుకి గుడ్డ కట్టుకుని స్విచ్ వేసింది. కత్తి కూసింది.

"ఆపవే!"

ఎవరికీ వినబడలేదు. పిన్ని మెడలోంచి టేపు ఊడబీకి విసిరింది. అది గాల్లో మెలికలు తిరిగి సరిగ్గా మేట మీద పడింది. ఆ పసుపుపచ్చ టేపు ఆ వీధుల్లో తెలియనివాళ్ళు లేరు. కత్తి పట్టిన మనిషి పామును చూసినట్టు వెనక్కి గెంతి స్విచ్ కట్టేసింది.

కత్తి అప్పటికి రెండంగుళాలు దిగింది. మేట అంచు దగ్గర, గీతల బయట.

పిన్ని ఒక స్టూలు మీద కూలబడి మంచినీళ్ళడిగింది. తాగాక, "బ్రౌన్ పేపరు తెండి. పళ్ళ చక్రం తెండి," అంది.

పళ్ళ చక్రం అంటే చిన్న పిడికి అమర్చిన ముళ్ళ చక్రం. గీత మీద దొర్లిస్తే కింద కాగితం మీద చుక్కల బాట పడుతుంది. దాన్ని చేతిలోకి తీసుకోగానే పిన్నికి పద్దెనిమిదేళ్ళ వయసు గుర్తొచ్చింది, ఎప్పుడూ గుర్తొచ్చినట్టే. అప్పుడామె ఒక టైలరు మాస్టారి దగ్గర కాజాలు కుట్టేది. ఆయన కాగితపు ముక్కలన్నీ ఒక రేకుపెట్టెలో పెట్టి, పెట్టెను మేకుకి వేలాడదీసేవాడు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఆమె పెట్టె దించి, పాత పేపర్ల మీద ఇదే చక్రంతో ఒక్కో ముక్కా దించేసింది. నెల రోజుల్లో పెట్టె మొత్తం నకలు. దొంగతనం అనిపించలేదు, పెట్టెలోది పెట్టెలోనే ఉంది కదా. ఇంటికెళ్ళి ఆ కాగితాలతో అన్నకి చొక్కా కుట్టింది. అన్న తొడుక్కున్నాడు కానీ విప్పలేకపోయాడు. ఇద్దరు పట్టుకుని లాగారు.

ఆ చొక్కా మాస్టారి కంట పడింది. ఆయన కోప్పడలేదు. "దించావు సరే. కుట్టుకి వదలాల్సిన అరంగుళం నా కాగితంలో ఉండదు, నా కంట్లో ఉంటుంది. అడిగుంటే చెప్పేవాణ్ణి కదే," అన్నాడు. దొంగలకి పనికిరాకుండా ఆయన కావాలనే ఆ అరంగుళం దాచుకునేవాడు. పుస్తకం రాసేటప్పుడు పిన్ని ఆ అరంగుళంతో సహా అన్నీ గీసింది. ఏదీ కంట్లో దాచుకోలేదు. అయినా నాలుగొందల మెడలు బిగుసుకునే పరిస్థితి వచ్చింది. దాచినా బిగుతే, పంచినా బిగుతే. ఇందులో నీతి ఎక్కడుందో చెప్పగలిగిన మహానుభావులుంటే ముందు ఒక కాలరు కుట్టి చూపించాలి.

చక్రం దొర్లింది. పుస్తకంలోని సగం కాలరు చుక్కలుగా బ్రౌన్ పేపరు మీదకి దిగింది. పిన్ని పెన్సిలుతో చుక్కలు కలిపి, కత్తిరించి, టేపు పెట్టి అందరికీ కనబడేలా కొలిచింది. ఏడంగుళాలు.

అప్పుడు కత్తి పట్టిన మనిషి ఫోన్ తీసి, అలవాటుగా, ఆ కాగితానికి ఫోటో తీయబోయింది. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. పిన్ని వైపు చూసింది. అందరూ చూశారు. గోడౌనంతా గొల్లుమన్న నవ్వు. ఈసారి పిన్నికీ నవ్వాగలేదు.

"అడుగు మరి, నోరు లేదా?"

"తీసుకోనా పిన్నీ?"

"తీసుకో… ఉండుండు!"

ఫోటో మళ్ళీ కొట్టుకెళ్తుంది. కొట్టువాడు మళ్ళీ కాగితంలో పట్టిస్తాడు. మళ్ళీ ఎవరి అమ్మాయో కళ్ళు తేలేస్తుంది. పిన్ని బ్రౌన్ పేపరు ముక్కని పెద్ద కాగితం మీద పెట్టింది. దాని పక్కన స్కేలు వేసి నాలుగంగుళాల గీత గీసింది. గీత కింద రాసింది: "కాగితం మీదకి వచ్చాక ఈ గీత కొలవండి. నాలుగంగుళాలు రాకపోతే కత్తెర ముట్టుకోకండి."

"ఇప్పుడు తియ్యి. గీత కూడా పడాలి. గీత లేకుండా ఎవరికైనా పంపావో, నీ మెడకి నేనే కుడతాను."

బొమ్మ ఎంత చిక్కితే గీతా అంతే చిక్కుతుంది. తప్పు తన తప్పు తానే చెప్పుకుంటుంది. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముప్పై ఆరేళ్ళలో ఇంత పనికొచ్చే ముద్ర నేనొక్కటీ వేయలేదోయ్," అన్నాడు. క్షమాపణ అడగడం ఆయనకి అలాగే వచ్చు.

సాయంత్రానికి ఈ కబురు మరిది చెవిన పడింది. ఆవేశంగా వచ్చి బల్ల మీద చెయ్యి చరిచాడు.

"నకలు చేయడం దొంగతనం వదినా! అన్నయ్యైతే మాత్రం? ఫోన్‌లో ఊరికే దొరికితే రెండోసారి అచ్చెందుకు?"

"నీ ఫోన్ ఇలా ఇవ్వు."

"నా ఫోనెందుకు?"

"డిటెక్టివ్ నవలలు చదువుతుంటావు కదా రాత్రంతా, ఎన్నున్నాయో చూద్దామని. అందులో డబ్బిచ్చి అట్టతో కొన్నది ఒక్కటైనా ఉందా?"

మరిది ఫోన్ జేబులోకి ఇంకాస్త లోతుగా తోసుకున్నాడు. "అవి వేరు. రాసినవాళ్ళు ఎక్కడో ఉంటారు."

"నేనూ ఆ లీడరమ్మకి ఎక్కడో ఉన్నదాన్నే, రెండు వీధుల అవతల. అయినా నువ్వు అచ్చు వేయవు, ఇంకొకళ్ళని పంచనివ్వవు. ఏడాదిన్నర నుంచి పుస్తకం దొరక్కే కదా ఆ చంటిపిల్ల తల్లి మీ అన్నయ్యని అడిగింది?"

"అయితే అందరికీ ఊరికే ఇచ్చేద్దామా?"

"కాలరే వద్దనట్లేదయ్యా. బొత్తం పెట్టాక రెండు వేళ్ళు దూరేంత వదులుండాలంటున్నాను. అంతకన్నా వదిలితే కాలరు నిలబడదు, బిగిస్తే మనిషి నిలబడడు. బొమ్మలు గీతతో సహా పంచుకోనీ. నేను రాసిన మాటలు మాత్రం పుస్తకంలోనే ఉంటాయి. కావాలన్నవాళ్ళకి ఆ పుస్తకం దొరకాలి, అది నీ పని. దొరకనప్పుడు నాతో దొంగతనం గురించి మాట్లాడకు."

"మాటలు లేకుండా బొమ్మలెందుకు పనికొస్తాయోయ్?" అన్నాడు ఆయన మెల్లిగా. పొద్దున ఉపన్యాసం అన్న నోటితోనే.

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. కానీ ఆ మాట నిజం. బొమ్మలతో పాటు ఒక అరపేజీ మాటలు వెళ్ళాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. పిన్ని రాసింది రెండు పేజీలయింది. ఆయన కోశాడు. ఆమె మళ్ళీ కలిపింది. మూడోసారికి అరపేజీ నిలబడింది. అందులో మొదటి వాక్యం, "మెడ కొలవండి." చివరి వాక్యం, "తప్పొస్తే నాకు ఫోన్ చేయండి." కింద నంబరు.

మరిది ఆ నెలలోనే కాగితం దొరికిందన్నాడు. మెషిన్ కూడా అదేమిటో బాగైపోయింది. ప్రతి బొమ్మ పక్కనా గీతతో రెండో ముద్రణ వచ్చింది, తొమ్మిదంగుళాల వెడల్పుతోనే. నాలుగొందల చొక్కాలు బడికి చేరాయి. మచ్చు చొక్కాని మాత్రం లీడరమ్మ గోడకి తగిలించి ఉంచింది, కుచ్చులతో సహా. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ముందు దాన్నే చూపిస్తుంది.

పాత నకలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకసారి ఊరి మీద పడ్డ నకలుని వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. అప్పుడప్పుడూ ఏ మూల నుంచో బిగిసిన కాలరు కబురు వస్తుంది. పిన్ని ఒక నిట్టూర్పు విడిచి, ఆయన వైపు ఒక చూపు విసిరి, గీత ఉన్న బొమ్మ పంపిస్తుంది. పంపే పని ఆయనది. పంపే ముందు ప్రతిసారీ కాగితం మీద తీయించి, టేపుతో కొలిచి చూపించాలని షరతు.

మొన్న భోజనాల వేళ ఒక ఫోన్ వచ్చింది. ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి. వెనక చంటిబిడ్డ ఏడుపు, ఎక్కడో బస్సు హారను.

"పిన్నిగారేనా అండీ? మీ బొమ్మ తీయించుకున్నాను. గీత కొలిచాను. మొదటి కొట్టులో మూడున్నర వచ్చింది, వాడితో పోట్లాడి ఇంకో కొట్టుకెళ్ళాను. ఇక్కడ సరిగ్గా నాలుగొచ్చిందండీ! గుడ్డ పరిచేశాను. కత్తెర పట్టనా?"

పిన్ని తింటున్న చెయ్యి అలాగే గాల్లో పెట్టి, ఎడమచేత్తో ఫోన్ సర్దుకుంది. మొహం చాటంతయింది. ఇంతమందిలో ఒక్క మనిషి అడిగింది.

"పట్టుదువు గానీ తల్లీ," అంది. "ముందు మెడ కొలిచావా?"

అవతల బిడ్డ కూడా ఏడుపాపింది.

"ఉండండి పిన్నీ, లైన్‌లోనే ఉండండి. టేపు తెస్తాను."